బాకీ లేని మనిషి

బాకీ అంటే మిగతా ఊళ్ళలో తల దించుకునే మాట. సిరిసిల్లలో మరమగ్గాలు ఆడే వాడల్లో మాత్రం ఆ మాటకు వేరే మర్యాద ఉంది. అక్కడ మరమగ్గాన్ని సాంచా అంటారు. సాంచాలు పెట్టి కూలీల చేత నేయించేవాణ్ణి ఆసామి అంటారు. పనిలో చేరే రోజున ఆసామి కూలీకి కొంత డబ్బు ముందుగానే ఇస్తాడు. అదే బాకీ. అది తీరేదాకా ఆ మనిషి ఆ షెడ్డులోనే నేయాలి. అది తీరేది కాదని ఇద్దరికీ తెలుసు, తీరాలని ఎవరూ కంగారు పడరు కూడా. పనివాడు ఇంకో షెడ్డుకు మారాలనుకుంటే కొత్త ఆసామి వచ్చి పాత ఆసామికి బాకీ మొత్తం కట్టేసి, పైన ఇంకొంత పనివాడి చేతిలో పెట్టి, మనిషిని వెంటబెట్టుకుని పోతాడు. చేతిలో పనితనం ఉన్నవాడికి పెద్ద బాకీ ఇస్తారు. చెయ్యి వణికేవాడికి, తాగి షెడ్డు ఎగ్గొట్టేవాడికి పైసా ఇవ్వరు. అందుకని ఆ వాడలో బాకీ లేని మనిషి అంటే ఎవరికీ అక్కర్లేని మనిషి.

పర్శరాములు బాకీ ఆ వాడ మొత్తంలో పెద్దది. ఆయన ఆ ముక్క గొప్పగా చెప్పుకునేవాడు కాదు గానీ, పక్కవాళ్ళు చెబుతుంటే ఆపేవాడు కూడా కాదు.

ఆయన పాత షెడ్డు వదిలి లక్ష్మీరాజం షెడ్డుకు మారిన రోజు కూతురు నవీనకు బాగా గుర్తు. అప్పటికి ఆ పిల్ల నాలుగో తరగతి. లక్ష్మీరాజం తానే స్వయంగా వచ్చి, అందరూ చూస్తుండగా పాత ఆసామి చేతిలో నోట్లు లెక్కపెట్టాడు. పర్శరాములు చేతులు కట్టుకుని పక్కన నిలబడ్డాడు, పెళ్ళిచూపుల్లో పిల్లవాడు నిలబడ్డట్టు. లెక్క అయిపోయాక లక్ష్మీరాజం ఆయన భుజం మీద చెయ్యి వేసి, "గీ చేతులకు ఇంకింత వెట్టినా తక్కువనే" అన్నాడు. ఆ సాయంత్రం ఇంట్లో యాటకూర వండారు. అన్న సాయిచంద్‌కు సైకిలు, నవీనకు రంగుల పెన్సిళ్ళ డబ్బా వచ్చాయి. సంతలో ఎద్దు చేతులు మారడానికీ దీనికీ తేడా ఏముందని మీకూ నాకూ అనిపించవచ్చు. పర్శరాములుకు అనిపించలేదు. ఆయనకు జీవితంలో ఎవరైనా పదిమందిలో విలువ కట్టింది ఆ ఒక్కరోజే.

సాయిచంద్ చదువు కూడా ఇదే లెక్కలో నడిచింది. వాడు ఇంటర్ అయ్యాక హైదరాబాద్ అవతల ఒక ప్రైవేటు యూనివర్సిటీలో కెమిస్ట్రీ చేరాడు. అయిదేళ్ళ చదువు, చేతికి ఎమ్మెస్సీ పట్టా. డబ్బు బ్యాంకు ఇచ్చింది. మధ్యలో ఉండి అన్నీ జరిపించింది సుధాకర్. కాలేజీలకు పిల్లల్ని చేర్పించి తలకింత అని తీసుకునే మనిషి. "లోన్ సంగతి ఫికర్ జెయ్యకు కాకా. జాబ్ వచ్చినంక కంపెనే చూసుకుంటది" అన్నాడు. జీతం వస్తుంది, అందులోంచి కట్టుకోవచ్చు అని ఆయన ఉద్దేశం కావచ్చు. పర్శరాములుకు మాత్రం వివరం అడగాల్సిన అవసరమే కనిపించలేదు. ఆయన పుట్టి బుద్ధెరిగిన లోకంలో పద్ధతి అదే. బ్యాంకు పాత ఆసామి. కంపెనీ కొత్త ఆసామి. పిల్లవాడు పనిమంతుడైతే కొత్త ఆసామి వచ్చి పాత బాకీ కట్టేసి తీసుకుపోతాడు.

సాయిచంద్‌కు ఉద్యోగం వచ్చింది. మందుల కంపెనీలో మాత్రలు సరిగ్గా ఉన్నాయో లేదో పరీక్ష చేసే పని. కొన్నాళ్ళు పోయాక పర్శరాములు ఫోన్ చేసి, వాడంతా వినాలన్నట్టు స్పీకరు పెట్టి అడిగాడు. "ఏరా సాయీ, కంపెనోళ్ళు బ్యాంకు బాకీ కట్టిండ్రా?"

అవతల కొంచెంసేపు చప్పుడు లేదు. సిగ్నల్ పోయిందనుకుంది నవీన. తర్వాత సాయిచంద్ అన్నాడు. "ఆ బాపు, కట్టిండ్రు."

పర్శరాములు మిఠాయి డబ్బాలు తెచ్చి షెడ్డు షెడ్డుకూ పంచాడు. అయిదు లక్షల బాకీ కట్టి పిల్లగాణ్ణి తీసుకుపోయిన కంపెనీ గురించి వాడలో చాలా రోజులు మాట్లాడుకున్నారు. చదువుకున్న పిల్ల, నవీనకు ఈ మాత్రం తెలియదా అని మీరు అడగవచ్చు. తెలుసుకోవాలని ఆ పిల్ల అనుకోలేదు. తీరిపోయిందన్న బాకీని ఇంట్లో మళ్ళీ తవ్వేవాళ్ళు ఎవరుంటారు?

ఇప్పుడు నవీన వంతు వచ్చింది.

ఇంటర్‌లో కెమిస్ట్రీలో ఆ పిల్లకు మంచి మార్కులు వచ్చాయి. రెండు చోట్ల సీట్లు దొరికాయి. ఒకటి అన్న చదివిన యూనివర్సిటీలోనే, అదే అయిదేళ్ళ కెమిస్ట్రీ. ఫీజులు పెరిగాయి, హాస్టలుతో కలిపి ఏడు లక్షల లోను కావాలి. రెండోది కరీంనగర్ సర్కారు కాలేజీలో మూడేళ్ళ బీఎస్సీ. అక్కడ ఫీజు ప్రభుత్వమే కడుతుంది, ఉండటానికి సర్కారు హాస్టలు ఉంది. శుక్రవారం లోపల కరీంనగర్ సీటు ఆన్‌లైన్‌లో ఖాయం చేసుకోకపోతే అది పోతుంది. అదే శుక్రవారం బ్యాంకులో సంతకాలకు రమ్మన్నారు.

"నీ ఇష్టం బిడ్డా" అన్నాడు పర్శరాములు. అని ఊరుకుంటే బాగానే ఉండేది. "గని జర ఆలోచించు. ఏడు లక్షలు ఇస్తమంటుండ్రు. మీ అన్నకు అయిదే. ఉత్తగనే ఇస్తరా గంత? నీ చేతుల పని వాళ్ళకు కనవడ్డది."

"సర్కారు కాలేజీల ఎంతిస్తరే?" అని అడిగింది తల్లి సక్కుబాయి. పిల్లలకు ఆమె అవ్వ. గడప దగ్గర చాటలో తునికాకు పెట్టుకుని బీడీలు చుడుతూ ఉంది.

"ఏం ఇయ్యరు. ఫీజు లేదు" అంది నవీన.

"ఏం ఇయ్యరట" అని పర్శరాములు నవ్వాడు. ఎగతాళి కాదు, ఆయనకు నిజంగానే ఆ కాలేజీ మీద జాలి కలిగింది.

నవీనకు కొన్ని రోజులుగా ఏమీ అనిపించడం లేదు. చెయ్యి మీద తల పెట్టుకుని నిద్రపోయి లేస్తే చెయ్యి ఎట్లా ఉంటుందో, లోపలంతా అట్లా ఉంది. అందరూ నీ ఇష్టం అంటున్నారు. ఇష్టం కోసం లోపల వెతికితే ఏమీ దొరకడం లేదు. సుధాకర్ వచ్చి రంగుల పుస్తకం చూపించి పోయాడు. జూనియర్ కాలేజీ మేడం ఫోన్ చేసి కరీంనగర్‌లో చేరమంది. రెండు మాటలూ ఆ పిల్ల ఒకేలా విన్నది, ఒకేలా తలూపింది. అన్నం పెడితే తిన్నది. పెట్టకపోతే అడగలేదు.

ఒక్కసారి మాత్రం ఏదో అనిపించిన మాట నిజం. ఎండలు తగ్గక ముందు సుధాకర్ వాళ్ళను వ్యానులో ఆ యూనివర్సిటీ చూపించడానికి తీసుకుపోయాడు. అక్కడ అద్దాల గదిలో ఒక పరికరం ఉంది. ఒక బొట్టు వేస్తే అందులో ఏమేం కలిసి ఉన్నాయో గీత గీసి చూపిస్తుంది. అక్కడి లెక్చరరమ్మ నవీన చేత మీట నొక్కించింది. తెర మీద గీత నెమ్మదిగా నడిచి, ఒక్కసారి పైకి లేచి, మళ్ళీ కిందికి దిగింది. ఇది కావాలి అనుకుంది నవీన. ఆ తర్వాత వ్యానులో సుధాకర్ ఇప్పించిన సమోసా తింటుంటే అదంతా చల్లారిపోయింది. కానీ ఆ గీత మాత్రం అప్పుడప్పుడూ కళ్ళ ముందు లేచి దిగుతూనే ఉంది.

గురువారం పొద్దున షెడ్డుకు పోతూ పర్శరాములు చెప్పులు వేసుకుని కూడా గుమ్మంలో ఆగాడు. "మీ అన్నకు ఫోన్ జేసి ఒక మాట అడుగు బిడ్డా. ఏడు లక్షల బాకీ ఉన్నోళ్ళను గూడ కంపెనోళ్ళు తీసుకుంటరా? లేకుంటే గింతే అని లిమిట్ ఏమన్న ఉన్నదా? రేపు సంతకం వెట్టేముంగట తెలుసుకుంటే మంచిది."

చూశారా, అడగాల్సిన ప్రశ్న ఆయన అడగకపోలేదు. తన పద్ధతిలో అడిగాడు.

సాయిచంద్ రాత్రి డ్యూటీ దిగి పడుకుని మధ్యాహ్నం లేచే మనిషి. ఆ వేళ చూసి నవీన దాబా మీదికి పోయి ఫోన్ చేసింది. చుట్టూ షెడ్ల రేకులు ఎండకు మెరుస్తున్నాయి. కింద నుంచి సాంచాల చప్పుడు ఎప్పటిలాగే వస్తోంది.

"అన్నా, బాపు అడగుమన్నడు. ఏడు లక్షల బాకీ ఉన్నోళ్ళను గూడ మీ కంపెనోళ్ళు తీసుకుంటరా?"

వాడి గదిలో ఫ్యాను కిర్రుమంటున్న చప్పుడు వినిపించింది.

"కంపెనీ ఎవ్వల బాకీ తీసుకోదు నవీనా."

"మరి నీది?"

"నాది నేనే కడుతున్న. నెలకు పదకొండు వేలు. జీతం పడ్డనాడే బ్యాంకోళ్ళు కోసుకుంటరు."

"జీతమెంత?"

"ఇరవై ఒకటి. రూముకు, తిండికి ఎనిమిది పోతయి. మిగిలింది మిగులుతది. ఇంక అయిదేండ్లకు మీదనే కట్టాలె."

వాడి గొంతులో బాధ లేదు. కోపం కూడా లేదు. కండక్టరు తర్వాత స్టాపు పేరు చెప్పినట్టు చెబుతున్నాడు. నవీనకు ఆ గొంతు తన గొంతులాగే వినిపించింది. అప్పుడు కొంచెం భయం వేసింది.

"బాపుకు ఎందుకు చెప్పలే అన్నా?"

"గా దినం ఆయన ఎట్లడిగిండో నువ్వు గూడ విన్నవు గద. కంపెనోళ్ళు కట్టలేదంటే మన వాడల ఏమనుకుంటరు? సాయిగాని పని మంచిగ లేదట, కొత్తాసామి బాకీ తీసుకోలేదట అంటరు. బాపు గూడ గట్లనే అనుకుంటడు. నా నోట్లెకెల్లి కాదన్న మాట రాలే."

కింద ఎవరి షెడ్డులోనో ఒక సాంచా ఆగి, మళ్ళీ మొదలైంది.

"పండుగకు రమ్మని అవ్వ ఫోన్ జేస్తె డ్యూటీ ఉన్నదని చెప్త" అన్నాడు సాయిచంద్. "డ్యూటీ ఉండది. వస్తే ఉత్త చేతులతోని రావాలె. అయిదు లక్షలు కట్టి తీసుకపోయిన కంపెనీల పనిజేసేటోడు ఉత్త చేతులతోని వస్తడా?"

"అయితే నన్ను అందుల చేరొద్దంటవా?"

"వద్దంటలేను. నిజమే చెప్త. మా బల్ల మీద నా పక్క పొంటి ఒక పిల్ల జేస్తది. ఉత్త బీఎస్సీ. నాకంటె ముంగట చేరింది. మొదట్ల పదహారు వేలేనట, ఇప్పుడు ఆ పిల్లకు నా అంతనే వస్తది. నాకు పని నేర్పింది గూడ ఆ పిల్లనే. బాకీ లేదు. స్కూటీ కొనుక్కున్నది. గని కొత్త మందులు తయారుజేసే పక్కకు పోవాలంటె ఎమ్మెస్సీ కావాలె. ఆ పిల్ల పోలేదు. నేను పోవచ్చు, రేపో ఎల్లుండో. ఇంకా పోలే."

"బీఎస్సీ అయినంక ఎంట్రెన్సు రాసి సర్కారు యూనివర్సిటీల ఎమ్మెస్సీ చేస్తే?"

"చెయ్యొచ్చు. సీటు వస్తే. రాకుంటె లేదు." వాడు ఆవులించాడు. "ఇంకొకటి నవీనా. రేపు బ్యాంకుల బాపు కాయితాలు ఇయ్యంగనే నా లోను కంప్యూటర్ల కనవడ్తది. అందుల బాపు సంతకం గూడ ఉన్నది. ఇంత బాకీ ఉన్నదని అక్కడ కౌంటర్ల కూసున్నోళ్ళే ఆయనకు చెప్తరు."

"నువ్వు ఇయ్యాలనే చెప్పు మరి."

"నాతోని కాదు." అదే గొంతు. "నువ్వు చెప్పకున్నా ఏమనుకోను. ఎట్లనో అట్ల తెలుస్తది."

ఫోన్ పెట్టేశాక నవీన దాబా మీదే కొంచెంసేపు కూర్చుంది. లెక్క వేయడానికి కాగితం అక్కర్లేదు. ఏడు లక్షలు అయిదేళ్ళు వడ్డీతో పెరిగితే నెలకు ఎంత కట్టాలో అన్న చెప్పినదాన్ని బట్టే తెలుస్తోంది. జీతంలో ముప్పావు వంతు దాకా. బతుకంతా ఒకరి దగ్గర కట్టేసి ఉండటం కొత్త కాదు, ఆ వాడలో అందరూ అట్లాగే ఉన్నారు. కానీ ఇక్కడ ఇంకో ఆసామి వచ్చి భుజం మీద చెయ్యి వేసి విడిపించుకుపోయే పద్ధతి కూడా లేదు. అద్దాల గదిలో గీత మళ్ళీ లేచింది. దిగింది. ఆ పిల్ల దాన్ని చూస్తూ ఊరుకుంది. వదులుకుంటున్నప్పుడు ఏడుపు రావాలి కదా అనుకుంది. రాలేదు.

చదువు సంగతి అక్కడే తేలిపోయింది. తేలనిది ఒకటే మిగిలింది. బాపుకు చెప్పాలి. చెబితే ఆయన పంచిన మిఠాయి అంతా అబద్ధమవుతుంది, అన్న అబద్ధం చెప్పినవాడవుతాడు. చెప్పకపోతే రేపు ఇస్త్రీ చొక్కా వేసుకుని బ్యాంకుకు పోయి, పదిమంది ముందు ఎవరో పరాయివాళ్ళ నోట వింటాడు. పదిమందిలో విలువ కట్టించుకున్న మనిషికి పదిమందిలోనే ఆ మాట తగులుతుంది. ఇది ఒక్కటి మాత్రం నవీనకు మొద్దుబారిన చోట కూడా గుచ్చుకుంది.

కిందికి దిగేసరికి సక్కుబాయి బీడీల కట్టకు దారం చుడుతోంది.

"ఏమంటుండే అన్న? బతుకమ్మ పండుగకన్న వస్తడట్నా?"

"తెల్వదు."

"రెండేండ్లాయె. కంపెనోళ్ళు గంత బాకీ కట్టినంక సెలవెందుకు ఇస్తరు తియ్" అని ఆమె తనకు తానే సమాధానం చెప్పుకుంది. గిన్నెలో అన్నం, పప్పు సర్ది మూత పెట్టింది. "బాపుకు ఇచ్చి రాపో. చల్లగైతది."

షెడ్డు రెండు సందులు దాటితే వస్తుంది. షెడ్డు దగ్గరికి వచ్చేసరికి చెవులు పనిచేయడం మానేస్తాయి. లోపల పర్శరాములు నడిపే సాంచాలు ఒక వరసలో, తోటి పనివాడు బాలమల్లు నడిపేవి ఇంకో వరసలో ఆడుతుంటాయి. ఆ చప్పుడులో అరిచినా వినపడదు. అందుకని సాంచాల మీద పనిచేసేవాళ్ళు నోటితో మాట్లాడుకోరు, పెదవులతో మాట్లాడుకుంటారు. గొంతు లేకుండా పెదవులు కదుపుతారు, అవతలివాడు చదువుకుంటాడు. అవసరమైతే వేళ్ళు కలుస్తాయి. ఆ వాడ పిల్లలకు పలక మీద అక్షరాల కంటే ముందు ఈ చదువు వస్తుంది. నవీన చిన్నప్పుడు సద్ది తెచ్చి, బడిలో ఎవరెవరు కొట్టుకున్నారో అంతా ఇట్లాగే బాపుకు చెప్పేది.

దారి పొడుగునా ఆ పిల్ల మాటలు కూర్చుకుంటూ వచ్చింది. ఇంట్లో అయితే గొంతు పెగలదు. ఇక్కడ గొంతుతో పని లేదు. ఇక్కడే చెప్పాలనుకుంది.

పర్శరాములు కూతుర్ని చూసి నవ్వాడు. తెగిన పోగు ముడి వేస్తూనే పెదవులు కదిపాడు.

"అన్న ఏమన్నడు? తీసుకుంటరటనా?"

నవీన గిన్నెను కిటికీలో పెట్టింది. ఆయన ఎదురుగా నిలబడి, ముఖం మీద వెలుతురు పడేటట్టు తిరిగింది.

"కంపెనీ బాకీ తీసుకోదు బాపు."

"ఏడు ఎక్కువైతదా? ఆరైతే?"

"ఎంతైనా తీసుకోదు. అన్న బాకీ గూడ తీసుకోలే. అన్ననే కడుతుండు."

పర్శరాములు చేతిలో పోగు అట్లాగే ఉంది. ఆయన చదవడంలో ఎప్పుడూ తప్పు చేయడు. అయినా మళ్ళీ చెప్పమన్నట్టు గడ్డం ఎత్తాడు. నవీన మళ్ళీ చెప్పింది. జీతం వేళ్ళతో చూపించింది. కట్టేది వేళ్ళతో చూపించింది. ఆయన ఆ వేళ్ళ వైపు చూశాడు, తర్వాత ముఖం వైపు చూశాడు.

"ఎందుకు తీసుకోలే? వాని పని మంచిగ లేదా?"

అన్న సరిగ్గానే చెప్పాడు. బాపు మొదట అడిగింది అదే. నవీనకు ఆ క్షణంలో అందరి మీదా కోపం వచ్చింది, సుధాకర్ మీద, కంపెనీ మీద, మిఠాయి తిన్నవాళ్ళ మీద కూడా. వచ్చినంత తొందరగానే పోయింది.

"మంచిగనే జేస్తడు. అక్కడ ఎవ్వల బాకీ ఎవ్వలూ తీసుకోరు బాపు. పనిమంతులది గూడ తీసుకోరు. అక్కడ గా పద్ధతే లేదు."

పర్శరాములు వెనక సాంచాలో పోగు తెగింది. ఆయన చూడలేదు.

"నేను కరీంనగర్ పోత" అంది నవీన. "సర్కారు కాలేజీకి. రేపు బ్యాంకుకు పోయేది లేదు. బీఎస్సీ జేసి, ఎంట్రెన్సు రాస్త."

"ఎంత బాకీతోని?"

"బాకీ లేదు."

"అయిపోయినంక?"

"అప్పుడు గూడ ఉండది."

అప్పుడు పర్శరాములు ఆ షెడ్డులో ఎవరూ ఎన్నడూ చూడని పని ఒకటి చేశాడు. మొదటి సాంచా దగ్గరికి పోయి ఆపాడు. రెండోదాని దగ్గరికి పోయి ఆపాడు. నేసిన గుడ్డను బట్టి కూలి వచ్చే చోట ఎవరూ మంచి సాంచాను ఊరికే ఆపరు. కన్నతల్లి పోయిన కబురు వచ్చినప్పుడు కూడా పర్శరాములు సాంచాకు ఎక్కిన నూలు కండె అయిపోయేదాకా ఆడించి అప్పుడే బయటికి వచ్చాడని చెప్పుకుంటారు. అట్లా వరసంతా ఆగిపోవడం చూసి, ఏదో కీడు జరిగిందనుకుని బాలమల్లు తన సాంచాలు కూడా ఒక్కొక్కటే ఆపేశాడు. గుమ్మంలో కూర్చుని తమలపాకు నములుతున్న లక్ష్మీరాజం లేచి లోపలికి వచ్చాడు.

షెడ్డు నిశ్శబ్దమైపోయింది. జన్మంతా చప్పుడులో బతికినవాళ్ళకు గొంతు తగ్గించడం రాదు. పర్శరాములు కూతురితో మామూలుగా మాట్లాడబోయాడు గానీ అది పెద్ద కేకై షెడ్డంతా వినిపించింది.

"బాకీ లేకుంటె ఎట్లుంటది బిడ్డా?"

వెటకారం కాదు. కోపం కాదు. తాను ఎన్నడూ పోని ఊరి గురించి, అక్కడికి పోతున్నవాళ్ళను అడిగినట్టు అడిగాడు. బాలమల్లు తన చేతుల వైపు చూసుకున్నాడు. లక్ష్మీరాజం నోట్లో తమలపాకు నమలడం ఆగింది. ఆయనకూ సూరత్‌లో నూలు సేటు దగ్గర బాకీ ఉంది. ఎవరూ నవ్వలేదు.

"నాకు గూడ తెల్వదు బాపు" అంది నవీన. ఆ నిశ్శబ్దంలో తన గొంతు తనకే కొత్తగా వినిపించింది. "పోయి చూసి చెప్త."

పర్శరాములు తలూపాడు. గిన్నె మూత తీసి చూసి, మళ్ళీ పెట్టేశాడు. తెగిన పోగు ముడి వేసి, మొదటి సాంచా నడిపించాడు. తర్వాత రెండోది. బాలమల్లు కూడా తన వరస నడిపించాడు. చప్పుడు మళ్ళీ షెడ్డంతా నిండింది, ఎవరికీ ఎవరి మాటా వినపడకుండా పోయింది.

నవీన గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగింది. పర్శరాములు ఆమెనే చూస్తున్నాడు. పెదవులు నెమ్మదిగా, తప్పు చదవకుండా ఉండాలన్నట్టు ఒక్కొక్క మాటే కదిపాడు.

"మీ అన్నను పండుగకు రమ్మను. బాకీ సంగతి అడగనని చెప్పు."